పంటు మీద సంతకం

ముప్పై రెండేళ్లు రాజోలు సహకార బ్యాంకులో
సంతకాలు చూసి బతికాను.
కొబ్బరి వర్తకుడి సంతకానికి
ధర బాగున్న నెలలో తోక పొడుగ్గా సాగేది.
పడిపోయిన నెలలో అక్షరాలు
ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడేవి.
నమూనా కార్డుతో వెంట్రుకవాసి తేడా లేకుండా
సరిపోయిందా,
ఆ చెక్కే పక్కన పెట్టేవాణ్ణి.
మనిషన్నవాడు రెండుసార్లు ఒకేలా తుమ్మడు కదండీ.

రిటైరయ్యాక ఈ పిచ్చి పట్టుకుంది.
చించినాడ వంతెన దాటి, పాలకొల్లులో
కాలవగట్టు మీద చెల్లుబోయిన సోమరాజు కొట్టు.
గ్రామఫోను ప్లేట్లు, నాటకాల కరపత్రాలు,
బిస్కెట్ల అట్టపెట్టెలో తారల సంతకాలు.

మొదటిరోజు కుముదిని ఫొటో బేరమాడితే
ఇవ్వలేదు. తలకిందులుగా తిప్పి పెట్టాడు.
"పేరులా చదవకండి, బొమ్మలా చూడండి."
చూశాను.
వంపు వంపుకీ ఆగి, ఊపిరి పీల్చుకుని
మళ్లీ నడిచింది గీత.
ఆగినచోటల్లా సిరా చిన్న గుడ్డు పెట్టింది.
"నిజం చెయ్యి జారిపోద్దండి,
ఎగువ నీళ్లొచ్చిన కాలవలో దోనెలాగ.
ఇది రాసింది కాదు, గీసింది.
ఎవడో కుర్రోడు, పాపం, శానా కష్టపడ్డాడు."

రాజమండ్రిలో ఇంకొకాయన ఉన్నాడు.
చల్లటి గది, అద్దాల బీరువా,
ప్రతి కాగితానికీ బంగారు అంచు ధ్రువపత్రం.
ధ్రువపత్రం మీద సంతకం మాత్రం ఆయనదే.
తన పెళ్లికి తనే పురోహితుడు.
బాల్‌పెన్ను మా ఊళ్లకి రాకముందే పోయిన నటుడు
అక్కడ బాల్‌పెన్నుతో దీవించాడు.
పాతబడిన కాగితం వాసన చూస్తే
యాలకుల టీ.

అప్పటికి నా దగ్గరున్నది ఒక్కటే.
పదమూడేళ్లప్పుడు, కోటిపల్లి రేవులో,
తెల్లారగట్ల పంటు మీద
రాత్రంతా కృష్ణుడై పాడిన భీమశంకరం
బియ్యం బస్తా మీద కూర్చుని కునుకుతున్నాడు.
చెవి వెనక నీలం ఇంకా కడుక్కోలేదు.
లెక్కల పుస్తకం చాపాను.
పెన్ను నాదే, కారేది.
"ఏ ఊరబ్బాయ్?" అంటూనే రాశాడు.

సోమరాజు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు.
భూతద్దం పెట్టాడు, తీశాడు, కళ్లద్దాలు తుడిచాడు.
"వణుకుందండి. మూడుచోట్ల తెగింది.
శం పక్కన సున్నా ఎగిరిపోయింది.
ఎవరన్నా తెస్తే దొంగదంటాను."
"నా కళ్లెదుట రాశాడయ్యా!"
"మీ కళ్లెదుటండి. నా కళ్లెదుట కాదు కదా.
మిమ్మల్ని నమ్ముతాను. దీన్ని అమ్మను."

కోపంతో బస్సెక్కాను.
వంతెన మీదికొచ్చాక కోపం ఎక్కడో జారిపోయింది.
కింద వశిష్ఠ, బురదరంగులో, తన పనిలో తానుంది.
అమ్ముకోగలిగినదాన్ని కాదన్న కొట్టువాణ్ణి
బ్యాంకులో కూడా చూళ్లేదు నేను.

పది రోజులకి వాడే వచ్చాడు, చొక్కాజేబులో రెండు పెన్నులతో.
"పంటు ఎక్కుదాం పదండి."
డీజిలింజను పక్కనే కూలబడి
టిక్కెట్ల వెనక మా పేర్లు రాసుకున్నాం.
నా పేరు కోడి కెలికినట్టొచ్చింది.
సోమరాజులో సున్నా ఎక్కడా లేదు గానీ
రా దీర్ఘం నడుం దగ్గర విరిగింది,
సరిగ్గా ఆయన పేరు విరిగిన తీరునే.
"ఇప్పుడేమంటావ్?"
చాలాసేపు నీళ్లవైపు చూశాడు.
"అప్పటి ఇంజను వేరండి" అన్నాడు.

ఇప్పటికీ అమ్మలేదు. నేనూ అడగలేదు.
లెక్కల పుస్తకంలో ఆ పేజీ దగ్గరే
రెండు పంటు టిక్కెట్లు పెట్టాను.
ఇవెవరివని రేపెవరైనా అడిగితే
సాక్ష్యం చెప్పడానికి
ఒకడున్నాడు.